అపహరణ, కిడ్నాప్, ఎత్తుకెళ్లడం, లేవదీసుకుపోవడం: ఏ మాట ఎక్కడ వాడాలి?

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ: "వార్తా పోర్టల్లో కొత్తగా సబ్ ఎడిటర్‌గా చేరాను. క్రైమ్ కాపీల్లో (నేర వార్తల రాతల్లో) అపహరణ, కిడ్నాప్, ఎత్తుకెళ్లడం, లేవదీసుకుపోవడం, చెరపట్టడం అన్నిటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. తేడా ఉందా? ఇంగ్లిష్ కాపీలో కిడ్నాపింగ్, అబ్డక్షన్ రెండూ వస్తే రెంటికీ అపహరణ అని రాయొచ్చా?"

తేడా ఉంది. రెంటికీ అపహరణ అని రాయొద్దు. సెక్షన్లు, చార్జిషీటు, తీర్పు ప్రస్తావన ఉన్న వార్తలో అసలే వద్దు. మామూలు వార్తలో మనిషిని తీసుకెళ్తే కిడ్నాప్ అనండి, అది ఊళ్లో అందరికీ తెలిసిన మాటే. వస్తువు పోతే చోరీ అనండి. లేవదీసుకుపోవడం, చెరపట్టడం ఈ రెండూ కాపీలో కనబడితే ఆగి చూడండి, చాలాసార్లు కొట్టేయాల్సిందే. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. క్రైమ్ డెస్కులో రోజూ ఎదురయ్యే తగాదాలే ఇవి.

అపహరణతో వచ్చే చిక్కు

తెలుగులో అపహరణ మనిషికీ వస్తువుకీ ఒకటే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో పోయింది చెట్టు, సీతాపహరణంలో పోయింది సీత. ఈ అలవాటు మన పేపర్లలో ఇప్పటికీ ఉంది. బైక్ అపహరణ, నగలు అపహరణ, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ అపహరణ, శిశువు అపహరణ అన్నీ ఒకే పేజీలో పక్కపక్కనే పడతాయి. "బస్టాండులో పట్టపగలే అపహరణ" అని హెడ్డింగ్ పెడితే పోయింది పాపా, పర్సా అన్నది క్లిక్ చేస్తే గానీ తెలియదు. పోర్టల్‌వాళ్లు కొందరు కావాలనే అలా పెడతారనుకోండి, అది వేరే సంగతి.

అందుకే వస్తువుల దగ్గర అపహరణను వదిలేసి, జరిగిన పని పేరే రాయండి. ఎవరూ చూడనప్పుడు పట్టుకెళ్తే చోరీ. మెడలో గొలుసు తెంపుకెళ్తే స్నాచింగ్. ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోరీ 303వ సెక్షన్, స్నాచింగ్‌కు విడిగా 304 వచ్చింది. కొట్టి, బెదిరించి లాక్కుంటే దోపిడీ (309). అయిదుగురు లేదా అంతకుమించి కలిసి దోపిడీ చేస్తే బందిపోటు దొంగతనం (310). నలుగురు చేసిన దోపిడీకి బందిపోటు అని హెడ్డింగ్ పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. తల లెక్కపెట్టండి.

ఇంకో సంగతి. అపహరించడం రాతలో ఉన్న మాటే గాని నోట్లో ఉన్న మాట కాదు. "మా బాబును అపహరించారంటూ తల్లి రోదించింది" అని రాస్తే ఆ తల్లి మాట కాస్తా స్టేషన్ రైటర్ మాట అయిపోతుంది. ఆమె అన్నది "మా పిలగాన్ని ఎత్తుకపోయిండ్రు" అయినా, "మా వాణ్ని ఎత్తుకుపోయారండీ" అయినా, అలాగే ఉంచండి. కోట్ మధ్యలో శిష్టభాష దూర్చొద్దు.

చట్టంలో కిడ్నాపింగ్ వేరు, అబ్డక్షన్ వేరు

మీ ప్రశ్నలో అసలు ముడి ఇది. బయట రెండూ ఒకటే అనుకుంటాం. చట్టంలో కాదు.

కిడ్నాపింగ్ రెండు రకాలు. సమ్మతి లేకుండా ఎవరినైనా దేశం దాటించడం ఒకటి. పిల్లల్ని గాని, మతిస్థిమితం లేనివారిని గాని చట్టబద్ధ సంరక్షకుడి దగ్గర్నుంచి అతని సమ్మతి లేకుండా తీసుకెళ్లడం, లేదా ఆశపెట్టి రప్పించుకోవడం రెండోది. రోజూ మన కాపీల్లోకి వచ్చేది ఈ రెండోదే. ఇందులో బలవంతం ఉండనక్కర్లేదు, మోసం ఉండనక్కర్లేదు, చెడు ఉద్దేశం కూడా ఉండనక్కర్లేదు. పిల్ల "నేనే ఇష్టపడి వచ్చాను" అన్నా చెల్లదు. సమ్మతి ఇవ్వాల్సింది సంరక్షకుడు. పిల్లలు లేని ఆవిడ ప్రసూతి వార్డులో బిడ్డను ఒళ్లోకి తీసుకుని, ముద్దాడుతూ గేటు దాటినా అది కిడ్నాపింగే.

అబ్డక్షన్‌కు వయసుతో పనిలేదు. ఎవరినైనా బలవంతంతో గాని, మోసపు మాటలతో గాని ఒకచోటు నుంచి కదిలించడం అబ్డక్షన్. ఇక్కడ చూడాల్సింది తీసుకెళ్లబడిన మనిషి సమ్మతి. యాభై ఏళ్ల రియల్టర్‌ను కారులో కుక్కి తీసుకెళ్తే అది అబ్డక్షన్, కిడ్నాపింగ్ కాదు. కానీ జనం నోట్లో అది కిడ్నాపే. వార్తలో కిడ్నాప్ అనే రాయండి, తప్పు లేదు. సెక్షన్ ప్రస్తావించే వాక్యంలో మాత్రం చట్టం ఏమంటే అదే.

పాత ఐపీసీలో కిడ్నాపింగ్ 359 నుంచి 361 దాకా, అబ్డక్షన్ 362, కిడ్నాపింగ్‌కు శిక్ష 363. కొత్త సంహితలో కిడ్నాపింగ్ 137, అబ్డక్షన్ 138. 137కు గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, జరిమానా. 138లో శిక్ష ఏమీ కనబడదు, అది నిర్వచనం మాత్రమే. వట్టి అబ్డక్షన్‌కు శిక్ష లేదు. ఎందుకు తీసుకెళ్లారన్నది తేలాకే శిక్ష. చంపడానికైతే 140(1). డబ్బు కోసమైతే 140(2), ఉరి లేదా యావజ్జీవం. రహస్యంగా నిర్బంధించడానికైతే 140(3), ఏడేళ్ల దాకా. తీవ్రంగా గాయపరచడానికో, బానిసగా పెట్టుకోవడానికో అయితే 140(4), పదేళ్ల దాకా. స్త్రీని బలవంతపు పెళ్లికి తీసుకెళ్తే 87, అదీ పదేళ్ల దాకా. బిచ్చమెత్తించడానికి పిల్లల్ని కిడ్నాప్ చేస్తే 139, అక్కడ కనీసమే పదేళ్లు. ఒంటి మీది నగల కోసం పదేళ్లలోపు బిడ్డను తీసుకెళ్తే 97. కాబట్టి "138 కింద కేసు నమోదు చేశారు" అని ఒంటరిగా కనబడితే కాపీని రిపోర్టర్‌కు తిప్పి పంపండి. పక్కన ఇంకో సెక్షన్ ఉండి తీరాలి.

వయసు దగ్గర చాలామంది జారిపోతారు. ఐపీసీ 361లో అబ్బాయికి 16, అమ్మాయికి 18. కొత్త చట్టంలో "చైల్డ్" అనేశారు, ఇద్దరికీ 18. ఏ చట్టం వర్తిస్తుందన్నది నేరం జరిగిన తేదీని బట్టి, తీర్పు వచ్చిన తేదీని బట్టి కాదు. 2023లో పదిహేడేళ్ల అబ్బాయిని తీసుకెళ్లిన కేసులో ఇవాళ తీర్పు వచ్చినా లెక్క 16దే. పాత కేసు తీర్పు రాస్తూ కొత్త సెక్షన్ నంబరు పెట్టడం ఈ మధ్య తరచూ కనిపిస్తున్న పొరపాటు.

డబ్బు డిమాండ్ కేసులు ఇంకాస్త సున్నితం. వీటికి ఐపీసీలో ఉన్నది 364ఎ (ఇప్పటి 140(2)), 1993లో చేరింది. కిడ్నాప్ చేసి డబ్బు అడిగితే చాలు, ఆ సెక్షన్ పడిపోతుందని అనుకుంటాం. హైదరాబాద్‌లో స్కూలు పిల్లాడిని ఆటోలో తీసుకెళ్లి రూ.2 లక్షలు అడిగిన కేసులో సుప్రీంకోర్టు 2021లో దీన్ని విడమరిచింది: తీసుకెళ్లడం, డబ్బు అడగడం చాలవు, చంపుతామనో గాయపరుస్తామనో బెదిరింపు ఉండాలి, లేదా అలాంటి భయం పుట్టించే ప్రవర్తన ఉండాలి. ఆ కేసులో అది రుజువు కాలేదు. 364ఎ కింద పడిన శిక్ష పోయి, మామూలు కిడ్నాపింగ్ శిక్ష 363 మిగిలింది. అంటే రిపోర్టర్ కాపీలో "ఇవ్వకపోతే చంపేస్తామని బెదిరించారు" అనే వాక్యం ఉంటే అది అలంకారం కాదు, కేసు బలమే దానిమీద ఉంది. అది ఎఫ్ఐఆర్‌లో ఉందా, రిపోర్టర్ ఊపులో రాశాడా అని అడగండి.

సెక్షన్ వాక్యాల్లో తెలుగు ఏమని రాయాలి? నా సలహా: "కిడ్నాపింగ్", "అబ్డక్షన్" అని తెలుగు లిపిలోనే రాసి, మొదటిసారి పక్కనే ఒక్క వాక్యం వివరణ ఇవ్వండి. "మైనర్‌ను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా తీసుకెళ్లడం", "బలవంతంగా లేదా మోసగించి తీసుకెళ్లడం" అంతే. హిందీ చట్ట పాఠంలో కిడ్నాపింగ్‌ను వ్యపహరణ్, అబ్డక్షన్‌ను అపహరణ్ అని విడదీశారు. హిందీ ఏజెన్సీ కాపీ నుంచి తెలుగు చేసేవాళ్లు అపహరణ్ కనబడగానే అపహరణ అని దించేస్తారు. వాళ్ల అపహరణ్ అబ్డక్షన్ ఒక్కటే, మన అపహరణ గంపగుత్త మాట. హైదరాబాదీ ఉర్దూలో వినిపించే అగ్వా కూడా కిడ్నాపింగ్, అబ్డక్షన్ రెంటికీ గంపగుత్త మాటే.

తీసుకెళ్లాడా, ఆమే వెళ్లిందా?

ఇప్పుడు లేవదీసుకుపోవడం సంగతి. కోస్తాలో లేవదీసుకుపోయాడు, లేపుకుపోయాడు. తెలంగాణలో లేపుకపోయిండు. ఇద్దరూ ఇష్టపడి వెళ్లినా ఈ మాటలో చేసేది మగవాడు, ఆమె మూట. దాని జంట మాట లేచిపోవడం. అందులో చేసేది ఆమే, కానీ తప్పు కూడా ఆమె నెత్తినే పడుతుంది. ఒకే సంఘటనకు అమ్మాయి తరఫువాళ్లు "లేపుకపోయిండు" అంటారు, అబ్బాయి వీధివాళ్లు "అది లేచొచ్చింది" అంటారు. ఏది రాసినా మీరు ఒక వీధిలో నిలబడ్డట్టే. ఇద్దరూ మేజర్లయితే "ఇల్లు విడిచి వెళ్లి పెళ్లి చేసుకున్నారు" అని రాయండి. సరిపోతుంది.

మైనర్ అయితే ఈ తేడాకు చట్టంలోనూ విలువ ఉంది. 1964లో తీర్పు వచ్చిన వరదరాజన్ కేసు దీనికి మూలం. మద్రాసులో కాలేజీ చదువుతున్న, పద్దెనిమిదికి దగ్గరపడ్డ అమ్మాయి తానే ఫోన్ చేసి, తానే వచ్చి అతన్ని కలిసింది, రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. తీసుకెళ్లడం వేరు, వెంట రానివ్వడం వేరు అంది సుప్రీంకోర్టు. తన పనేమిటో తెలిసిన వయసులో, తానే ఇల్లు దాటి వచ్చిన అమ్మాయి విషయంలో, అతను ముందుగా ప్రేరేపించినట్టు రుజువు లేకపోతే అది "తీసుకెళ్లడం" కాదు. తీర్పు మొత్తం ఆ ఒక్క క్రియ మీద నడిచింది. కాబట్టి "అతడితో వెళ్లింది", "అతడు తీసుకెళ్లాడు", "మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు" అనే మూడూ మూడు వేర్వేరు ఆరోపణలు. ఫిర్యాదులో ఏముందో అదే రాసి, చివర "అని ఫిర్యాదులో పేర్కొన్నారు" తగిలించండి. ఒక హెచ్చరిక: వరదరాజన్ తీర్పు ఉంది కదా అని ప్రతి మైనర్ కేసునూ "ఇష్టపడి వెళ్లింది" అని తేల్చేయొద్దు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు సమ్మతికి విలువ లేదు. కిడ్నాపింగ్ కేసు నిలవకపోయినా ఆ కేసు నిలవొచ్చు.

దీనికి తిరగేసినది ఇంకా ఎక్కువ జరుగుతుంది, తక్కువ రాస్తాం. మేజర్ అమ్మాయి పెళ్లి చేసుకుని అత్తింట్లో ఉంటుంది. పుట్టింటివాళ్లు రెండు కార్లలో దిగి, కళ్లలో కారం కొట్టి, ఆమెను లాక్కెళ్తారు. మర్నాడు వార్త: "యువతిని తీసుకెళ్లిన తల్లిదండ్రులు". తల్లిదండ్రులైతే ఏం, ఆమె మేజర్. బలవంతంగా కదిలించారంటే 138 నిర్వచనంలోకి వస్తుంది, నిర్బంధించడానికే తీసుకెళ్తే 140(3). ఇక్కడ కిడ్నాప్ అని రాయడానికి మొహమాటపడక్కర్లేదు. కనీసం "బలవంతంగా" అన్నది వదలొద్దు.

పురాణాల్లో ఈ సందేహాలన్నీ ముందే ఉన్నాయి. పోతన భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుడితో కబురంపి, ఏ గుడి దగ్గర, ఎప్పుడు వచ్చి తీసుకెళ్లాలో కూడా చెప్పింది. రుక్మి దృష్టిలో అది హరణం, మనకు కల్యాణం. ఉషాపరిణయంలో చిత్రరేఖ నిద్రపోతున్న అనిరుద్ధుణ్ని ద్వారక నుంచి ఎత్తుకొచ్చి ఉష అంతఃపురంలో దించింది. ఇవాళ్టి లెక్కలో ఇది అచ్చమైన అబ్డక్షనే, బాధితుడు మగవాడు. ఏడుస్తున్న కన్యను ఇంటివాళ్లను కొట్టి, చంపి ఎత్తుకొస్తే మనుస్మృతి దానికి రాక్షస వివాహం అని పేరు పెట్టి, వివాహాల జాబితాలోనే వేసింది. "గాంధర్వం", "రాక్షసం" అని చమత్కారంగా హెడ్డింగులు పెట్టే సీనియర్లు తగులుతారు. నేర వార్తలో ఆ చమత్కారం వద్దు.

చెర, చెరపట్టడం, చెరచడం

చెర అంటే బందిఖానా. "కిడ్నాపర్ల చెర నుంచి విముక్తి" సరైన ప్రయోగమే. చెరపట్టడం అంటే బందీగా పట్టుకోవడం, పాత వాడుకలో పరస్త్రీని పట్టి తెచ్చుకోవడం. చెరచడం అంటే పాడుచేయడం, అత్యాచారం. చూపుకి అక్షరం తేడా, అర్థంలో ఆకాశమంత తేడా. "బాలికను చెరపట్టిన యువకుడు" అని రాస్తే సగం మంది పాఠకులు అత్యాచారం జరిగిందనే అనుకుంటారు. ఆ ఆరోపణ ఎఫ్ఐఆర్‌లో లేకపోతే అమ్మాయి కుటుంబానికి మీరు చేసిన నష్టం దిద్దుకోలేనిది. "చెర నుంచి" వరకు ఉంచుకోండి, క్రియలు రెండూ మానేయండి.

మిగతా క్రియలు త్వరగా. ఎత్తుకెళ్లడం పసిపిల్లలకు, కోళ్లకు, బైకులకు సరిపోతుంది, పెద్దవాళ్లకు నప్పదు. నలభై ఏళ్ల మనిషిని "ఎత్తుకెళ్లారు" అంటే జనం భాషలో పోలీసులో, రౌడీలో వచ్చి పట్టుకెళ్లారని అర్థం. లాక్కెళ్లడం, ఈడ్చుకెళ్లడం బలప్రయోగాన్ని కళ్లకు కట్టిస్తాయి, ఎవరో చూసి చెప్తేనే రాయాలి. తన్నుకుపోవడం గద్దకే, మనుషులకు వద్దు. ఎగరేసుకుపోవడం ట్రోఫీలకు బాగుంటుంది.

"పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా" అనే మాట రాసేముందు మాత్రం వందసార్లు ఆలోచించండి. 2018 మేలో వాట్సాప్‌లో ఈ ఒక్క పుకారు తిరిగి, తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అమాయకుల్ని జనం కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. "ముఠా సంచారం" అని రాయాలంటే పోలీసులు ఎవర్ని, ఏ కేసులో, ఎక్కడ అరెస్టు చేశారో చేతిలో ఉండాలి. ఊళ్లో అపరిచితురాలు తిరుగుతోంది, జనం పట్టుకున్నారు, అంతవరకే తెలిస్తే అంతవరకే వార్త. ఆమె చేతిలో చాక్లెట్లు ఉన్నాయన్నది సాక్ష్యం కాదు.

మిస్సింగ్ కేసును కిడ్నాప్ చేయొద్దు

పద్దెనిమిది దాటినవాళ్లు కనబడకపోతే స్టేషన్‌లో మ్యాన్ మిస్సింగ్, ఉమన్ మిస్సింగ్ అని కడతారు. మైనర్ తప్పిపోతే అలా కాదు. పిల్లలు కనబడలేదన్న ప్రతి ఫిర్యాదునూ, వేరేలా తేలేదాకా, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగి ఉండొచ్చని భావించి ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. అమ్మ తిట్టిందని పదో తరగతి పిల్లాడు రైలెక్కి వెళ్లిపోయినా కాగితం మీద ఉండేది కిడ్నాపింగ్ సెక్షనే. స్టేషన్ నుంచి వచ్చిన డైలీ షీట్ చూసి "జిల్లాలో ఒకేరోజు ముగ్గురు చిన్నారుల కిడ్నాప్" అని రాసేస్తే ఊరంతా అల్లాడిపోతుంది. "ముగ్గురు బాలలు అదృశ్యం, కిడ్నాప్ సెక్షన్ల కింద కేసులు నమోదు" అని రాయండి. వార్షిక నేర గణాంకాల్లో కిడ్నాపింగ్ అంకె పెద్దగా కనబడటానికి ఇది కూడా ఒక కారణం. ఆ అంకె పక్కన ఈ ముక్క ఒకటి చేర్చండి.

"అదృశ్యం" కూడా నాకు అంత నచ్చదు, మనిషి మాయమైనట్టుంటుంది. కానీ పేజీలో పాతుకుపోయింది, కదిలించలేం. "కనిపించకుండా పోయాడు" ఇంకా మంచిది. దొరికాక "బాలుడు లభ్యం" అనొద్దు. వస్తువులు, శవాలు లభ్యమవుతాయి. "ఆచూకీ లభ్యం", "బాలుడు క్షేమం" అనండి. "కిడ్నాప్ కథ సుఖాంతం" అనే హెడ్డింగ్ చూసి చూసి విసుగొచ్చింది. రెండు రాత్రులు నిద్రలేని తల్లికి అది కథ కాదు.

ముగింపు క్రియలు కూడా సరిచూసుకోండి. పోలీసులు వెళ్లి తీసుకొస్తే "విడిపించారు". కిడ్నాపర్లే వదిలితే "విడిచిపెట్టారు". తనే బయటపడితే "తప్పించుకున్నాడు". పోలీసు ప్రెస్‌నోట్ మూడింటినీ "చాకచక్యంగా రక్షించారు" అనే చెప్తుంది. డబ్బుకు "విమోచన క్రయధనం" వాడకండి, అది బైబిల్ మాట, పాఠకుడికి చర్చి గుర్తొస్తుంది. "రూ.50 లక్షలు డిమాండ్ చేశారు" చాలు. "కిడ్నాప్‌నకు గురై" అని కొందరు పట్టుబట్టి దిద్దుతారు. చివర "ము" ఉన్న మాటలకు వచ్చే "నకు" అది, కిడ్నాప్‌కు అక్కర్లేదు. "కిడ్నాప్‌కు గురై" అనండి, అంతకంటే "కిడ్నాపైన" హాయిగా ఉంటుంది.

బందీ, నిర్బంధం, అదుపు

డబ్బు కాకుండా డిమాండ్ ప్రభుత్వం మీదైతే మాట మారుతుంది. 1987 డిసెంబర్‌లో అప్పటి తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఎస్.ఆర్. శంకరన్ సహా ఐఏఎస్ అధికారుల్ని పట్టుకున్నప్పుడు, 2011 ఫిబ్రవరిలో ఒడిశాలో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్‌కృష్ణను మావోయిస్టులు తీసుకెళ్లినప్పుడు, తీసుకెళ్లిన ఘటనకు కిడ్నాప్, ఆ తర్వాతి స్థితికి బందీ. ఈ విభజన మంచిది: కిడ్నాప్ ఒక క్షణంలో జరిగే పని, బందీగా ఉండటం ఒక స్థితి. "వారం రోజులుగా కిడ్నాప్ చేస్తున్నారు" అనం కదా. విమానం మొత్తాన్ని పట్టుకుంటే హైజాక్. 1999 డిసెంబర్ 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన విమానం కాందహార్ చేరింది. ఆ ఘటనలో విమానం హైజాక్ అయింది, ప్రయాణికులు బందీలయ్యారు. "ప్రయాణికుల హైజాక్" తప్పు.

నిర్బంధం అంటే కదలనివ్వకపోవడం, తీసుకెళ్లడం ఇందులో లేదు. జీతం అడిగిన కూలీని షెడ్డులోనే తాళం వేసి ఉంచితే అది అక్రమ నిర్బంధం (127), కిడ్నాప్ కాదు. దారికి అడ్డుపడి వెళ్లనివ్వకపోతే అక్రమ అటకాయింపు (126).

పోలీసులు తీసుకెళ్లినప్పుడు "అదుపులోకి తీసుకున్నారు" అనే మాట అరెస్టుకు ముందు మెత్తటి తెరలా పనిచేస్తుంది. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయినవారిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. మూడు రోజులు దాటినా మీ కాపీలో ఇంకా "అదుపులోనే" ఉంటే ప్రశ్న అడగాల్సింది మీరే. కుటుంబం "మఫ్టీలో వచ్చి ఎత్తుకెళ్లారు" అంటే వాళ్ల మాటగా రాయండి, పోలీసులు ఒప్పుకున్నారా లేదా అన్నది పక్కనే రాయండి. హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తేవాలని కోరే) పిటిషన్ పడితే "అక్రమ నిర్బంధంలో ఉన్నారంటూ" అని పిటిషనర్ మాటలతో రాయాలి. ఆ పిటిషన్ పోలీసుల మీదే వేయాలని లేదు, కూతుర్ని ఇంట్లో బంధించిన తల్లిదండ్రుల మీదా వేస్తారు.

అమెరికా కాపీలు దిద్దేవాళ్లకు ఒకటి. విడిపోయిన దంపతుల్లో ఒకరు రెండోవారికి చెప్పకుండా బిడ్డను హైదరాబాద్ తీసుకొచ్చేస్తే అక్కడి భాషలో అది పేరెంటల్ అబ్డక్షన్. దీనిమీద 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది, భారత్ అందులో చేరలేదు. ఇక్కడి చట్టంలో తండ్రి, తల్లి సహజ సంరక్షకులు కాబట్టి, కోర్టు ఉత్తర్వు ఉల్లంఘిస్తే తప్ప మామూలుగా కిడ్నాపింగ్‌గా చూడరు. "సొంత బిడ్డనే కిడ్నాప్ చేసిన తల్లి" అని హెడ్డింగ్ పెడితే ఇక్కడ లేని నేరాన్ని ఆమెకు అంటగట్టినట్టు. "తండ్రి సమ్మతి లేకుండా బిడ్డను భారత్‌కు తెచ్చిన తల్లి" అనండి. ఆరోగ్యం పేజీలో "భుజం అపహరణ" కనబడినా కంగారుపడొద్దు. చేతిని పక్కకు, ఒంటికి దూరంగా ఎత్తే వ్యాయామాన్ని కూడా అబ్డక్షనే అంటారు, యంత్రానువాదం చేసిన ఘనకార్యం అది.

చివరగా మీరు అడగనిది ఒకటి, పోర్టల్‌కు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పిల్ల కనబడనప్పుడు పేరు, ఫొటో, బడి, వీధి అన్నీ వేస్తాం, వెతకడానికి అవసరం కనుక. పిల్ల దొరికి, కేసులో పోక్సో సెక్షన్ చేరిందంటే ఆ క్షణం నుంచి గుర్తింపు బయటపెట్టడం నేరం: పోక్సో 23, జువెనైల్ జస్టిస్ చట్టం 74, న్యాయ సంహిత 72. పేపర్ అయితే పాత సంచికను వెనక్కి తేలేదు. మీ పాత లింకు మాత్రం గూగుల్‌లో అలాగే వేలాడుతూ ఉంటుంది. కొత్త వార్తలో పేరు తీసేసి, కింద "ఇవి కూడా చదవండి"లో పాత ఫొటో వార్త లింకు ఇచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. పాత వార్తలో పేరు, ఫొటో, ఊరు, బడి పేరు తీసేయండి. లింకు అడ్రసులో పేరు ఉంటే దాన్నీ మార్పించండి. థంబ్‌నెయిల్, ఫేస్‌బుక్ పోస్టు, యూట్యూబ్ షార్ట్, వాట్సాప్ చానెల్ కార్డు ఒక్కొక్కటీ విడిగా తీయాలి. వెబ్‌సైట్‌లో తీసేస్తే అవి వాటంతట అవి పోవు.